నిదానమ్మ పాటలు

పాట మంచి ఊపులో ఉండగా తలుపు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు.

కాళ్ళతో నేలను దంచుతున్న వాళ్ళందరూ ఠక్కున ఆగిపోయారు.

పక్కింటి వాళ్ళెవరో గొడవకు వచ్చారనుకున్నాడు కెప్టెన్. సర్దిచెప్పడానికి నాలుగు మంచి మాటలు సిద్ధం చేసుకుని లేచాడు.

తీరా చూస్తే తల ముగ్గుబుట్టలా నెరిసిన ఒక పెద్దావిడ. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"ఓడ పాటలే కదండీ ఇవి? ఓ మూల కూర్చుని వినొచ్చా?"

కెప్టెన్ అంటే ఓడ నడిపిన మనిషేమీ కాదు. కింద కళ్ళజోళ్ళ దుకాణం అతనిది. పడవెక్కితే చాలు కడుపులో తిప్పుతుంది. అయినా తాళ్ళు లాగుతూ, తెడ్లు వేస్తూ జనం పాడుకునే పాటలంటే చెవి కోసుకుంటాడు. అలాంటి పిచ్చే ఉన్న ఒక జాగ్రఫీ టీచరమ్మనీ, లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌నీ, బేకరీ నడిపే అన్నదమ్ములిద్దరినీ పోగేశాడు. ఆదివారం పొద్దున దుకాణం పైగదిలో చేరి, ఎవరికి దొరికిన పాట వాళ్ళు తెచ్చి పంచుకుంటారు. అతనికి ఆ బిరుదు తగిలించింది కూడా వాళ్ళే.

పెద్దావిడకు కుర్చీ వేశారు. కాసేపయ్యాక, మీకూ ఏదైనా వస్తే పాడమన్నారు.

ఆవిడ కళ్ళు మూసుకుని అందుకుంది.

"లాగన్నా... లాగు... లాగన్నా... లంగరు బరువు... లాగన్నా..."

ఎంత నిదానమంటే, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య టీ తాగి రావచ్చు. ముక్క ముక్కకీ ఊపిరి తీసుకుంటోంది. గొంతు పెగలడం లేదేమో అన్నట్టుంది. బేకరీ తమ్ముడు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

నొచ్చుకోకుండా చెప్పాలనే చూశాడు కెప్టెన్.

"అమ్మా, ఇది పదిమంది కలిసి తాడు లాగే పాట. మీరిలా పాడితే లంగరు సాయంత్రానికి కూడా పైకి రాదు."

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా ఆవిడే నవ్వింది. అయితే మీరు పాడి వినిపించండి అంది.

టీచరమ్మ వరస పట్టుకుంది. మెకానిక్ బల్ల మీద దరువు వేశాడు. అన్నదమ్ములు వంత అందుకున్నారు. పాట లేచి పరుగెత్తింది. కుర్చీలు కదిలాయి, కిటికీ అద్దాలు అదిరాయి. ఆవిడ వాళ్ళ ముఖాలను మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

ఆ రోజు నుంచి ఆవిడ నిదానమ్మ అయింది. ఎదురుగానే అలా పిలిచేవారు. పలికేది.

ప్రతి ఆదివారం ఒక కొత్త పాట తెచ్చేది. వీళ్ళెవరూ ఎక్కడా విననివి. అన్నీ అదే నత్తనడక. కొన్నయితే సగంలోనే ఆగిపోయేవి. తర్వాతేమిటని అడిగితే, నాకు అంతవరకే తెలుసనేది. మిగిలిన చరణాలు కెప్టెన్ కల్పించేవాడు. మెకానిక్ "ఇంజను బిగిద్దాం పట్టండి" అనేవాడు. ఇంకేముంది, గది గదంతా హోరెత్తిపోయేది.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి కెప్టెన్ అడిగాడు. పనిచేసిన చోట అంది. ఓడలోనా అంటే తల అడ్డంగా ఊపింది. తనకు నీళ్ళంటే భయమనీ, జన్మలో పడవెక్కలేదనీ చెప్పింది.

ఏ రేవు ఆఫీసులోనో గుమాస్తాగా చేసి, అక్కడ చెవిన పడ్డవి ఏరుకొచ్చి ఉంటుందని అతను అనుకున్నాడు. పాటలు మంచివే, పాపం ఆవిడకే వాటి జోరు పట్టుబడలేదు. ఆ మాటే తన వాళ్ళతోనూ అన్నాడు. ఇంక ఆ సంగతి కదపలేదు.

చలికాలం మధ్యలో వరుసగా రెండు వారాలు నిదానమ్మ రాలేదు. మూడో వారం ఆవిడ కుర్చీ పక్కన ఒక యువతి వచ్చి నిలబడింది. నిదానమ్మకు మేనకోడలట. అత్తయ్య నిద్రలోనే, ఏ బాధా లేకుండా పోయిందనీ, పాటల వాళ్ళకు కబురు చెప్పకుండా ఉండలేకపోయాననీ అంది.

టీచరమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. 

"మీ అత్తయ్య ఏం పని చేసేవారమ్మా?" కెప్టెన్ అడిగాడు.

"చెప్పలేదా? రేవు ఆసుపత్రిలో నర్సు. జబ్బుపడితే ఓడవాళ్ళను అక్కడ దింపేసి పోయేవారు కదండీ. వాళ్ళకు తమవాళ్ళంటూ ఎవరూ ఉండరు. రాత్రీ పగలూ అత్తయ్యే. ఊపిరి ఆడనివాళ్ళు కూడా ఒక్కొక్కరు ఒక్కో పాట పాడి వినిపించేవారట. చాలామంది ఆ మంచాల మీద నుంచి మళ్ళీ లేవలేదు."

మెకానిక్ చేతులు బల్ల మీద నుంచి ఒళ్ళోకి జారాయి.

కెప్టెన్‌కు ఆ నత్తనడక ఎక్కడిదో అప్పుడు అర్థమయింది. ఆ మనుషుల ఆఖరి ఊపిరిని పట్టుకుని, జోరు లేదని వెక్కిరించామా అనిపించింది. ఆ నడకలో ఆ పాటలు పాడగలిగేవాళ్ళు ఇక లేరు.

"మరి మేమిక్కడ ఎగిరి దంచుతుంటే ఆవిడ ఒక్కసారైనా వద్దనలేదేమ్మా?" అన్నాడు మెల్లగా.

"వద్దనడమా?" ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ప్రతి ఆదివారం మీ పాట విని ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకముందే నాకు చెప్పేది... ఇవాళ నా వార్డులో ఇంకొకతను మంచం దిగి, పాడుకుంటూ ఇంటికెళ్ళిపోయాడే అని."