ఐదో అంతస్తు కింద పసుపు గీత

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మేడకు నాలుగే అంతస్తులు. పై అంతస్తు ఆఫీసులో కూర్చుని కనకరాజు లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాస్తాడు. వాటిని ముందు ఆ మేడ లిఫ్టు మీదే పరీక్షిస్తాడు.

ఆ రాత్రి కోడ్ నిండా వార్నింగులు, లోపం కనిపించిన ప్రతి వరుస కిందా కంప్యూటరు గీసే పసుపు గీతలు. భార్య పోయాక అతనికి ఎవరు తప్పులెంచినా ఒళ్లు మండుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ దాచేశాడు. ఒక్క గీత మాత్రం పోలేదు. "ఐదో అంతస్తు: ఈ భాగం ఎప్పటికీ నడవదు" అంటోంది.

కోడ్‌లో ఐదో అంతస్తు భాగం అతను రాయలేదు. చెరిపేస్తే మళ్లీ వచ్చింది. తోటి ఉద్యోగి సతీష్‌కు ఫోన్ చేశాడు.

"నా కోడ్‌ల ఏలు పెట్టినవా రా?"

"నాకేం పని రా? ఎల్‌బీ నగర్‌ల ఇంట్ల తింటున్న. నువ్వు గూడ జర తిను, కండ్లు తిరుగుతున్నట్టున్నయ్."

వీడి మాట నమ్మకూడదు అనుకుని, ఆ గీతను విడిగా దాచాడు. తెర శుభ్రమైంది.

కూతురు సౌజన్య ఫోన్ చేసింది. "నాయినా, అన్నం డబ్బా తెచ్చిన. లిఫ్టెక్కుతున్న."

లిఫ్టు చప్పుడు ఆఫీసు తలుపు దాకా వచ్చింది. ఆగలేదు. అతని నెత్తిమీదకు పోయింది. పైన తలుపు తెరుచుకుంది.

"ఏంది నాయినా, గింత చీకట్ల ఉన్నవ్?" ఫోన్‌లో సౌజన్య నవ్వింది. "డబ్బా అందుకున్నవ్ గద, మాట్లాడవేంది?"

కనకరాజు, విడిగా దాచినదానితో సహా, వార్నింగులన్నీ తిరిగి తెప్పించాడు. పసుపు గీతలన్నీ వచ్చాయి.

ఐదో అంతస్తు కింద ఏ గీతా లేదు.