ఆదోని బస్సులో వచ్చే ఆమె

ఎమ్మిగనూరులో చెన్నప్ప మగ్గం గుంతలోంచి తల ఎత్తేసరికి గడపలో ఒక ముసలామె నిలబడి ఉంది.

"మద్దమ్మ ఇల్లు ఇదేనా అప్పా? కుడిచెయ్యి పడిపోయిందని ఇన్నా."

"అవును, నా పెండ్లామే. నువ్వెవరమ్మా?"

"ఉచ్చీరమ్మంటారు. ఆదోని ఆస్పత్రిలో ఆయా పని చేసినా. ఇట్లాంటి చేతులు శానా సూసినా."

రమ్మనేదాకా ఆగలేదు. మద్దమ్మ మంచం పక్కన కూర్చుని నూనె గిన్నె అడిగింది. రెండు నెలలుగా కదలని ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ వంచి, చాపి, మళ్లీ వంచింది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

ఆదోని బస్సు దిగి నేరుగా రావడం, గంటసేపు చేయి రుద్దడం, వెళ్లిపోవడం. టీ ఇస్తే తాగేది. అంతకు మించి ఏమీ ముట్టేది కాదు.

చెన్నప్పకు మగ్గం మీద ధ్యాస కుదరలేదు. చుట్టం కాదు, పక్కం కాదు. ఎవరీమె?

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"నిన్నెవరు పంపినారు పెద్దమ్మా?"

"మా చర్చిలో ఒక మాట సెప్పినారప్పా. ఇనేకి శానా బాగుండాది. చేసేకి అయితాదో లేదో సూద్దామని వస్తాండా."

"ఏం మాట?"

ఆమె మద్దమ్మ బొటనవేలు కొంచెం గట్టిగానే వంచింది.

ఇంకోరోజు బస్టాండు దాకా ఆమె వెనకాలే వెళ్లాడు. బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది. పలకరించే ధైర్యం చాలక తిరిగొచ్చాడు.

నాలుగో నెలలో మద్దమ్మ కుడిచేత్తో రాట్నం తిప్పింది. కండెకు నూలు చుట్టుకుంటుంటే ఉచ్చీరమ్మ తొలిసారి నవ్వింది.

"ఆయమ్మకూ అయ్యింది, నాకూ అయ్యింది," అంటూ లేచింది.

నీకేమయింది అని చెన్నప్ప అడిగేలోపే వీధి మలుపు తిరిగిపోయింది.

మళ్లీ రాలేదు.

వారం ఎదురుచూసి, తాను నేసిన చీర ఒకటి సంచిలో పెట్టుకుని చెన్నప్ప ఆదోని వెళ్లాడు. కొండ కింది వీధుల్లో ఆయా ఉచ్చీరమ్మ ఇల్లు అడుగుతూ తిరిగాడు.

టీకొట్టు ఆవిడ చూపించింది.

"ఆ ఇల్లే అన్నా. ఆయమ్మ సచ్చిపోయి ఐదు దినాలాయె. గుండె ఆగిపోయింది. కొడుకుండాడు, పోయి మాట్లాడు."

పిలుపు విని లోపలి నుంచి ఒక మనిషి వచ్చాడు. అతని ముఖం చూడగానే చెన్నప్పకు అడుగు ముందుకు పడలేదు.

"రా అన్నా," అన్నాడు అతను. "మద్దమ్మక్కకు చెయ్యి ఎట్లుండాది?"

"నీకు... తెలుసునా?"

"మీ ఇంటి దోవ సెప్పింది నేనే. పగోళ్లను ప్రేమించల్లని పాస్టరు సెప్పినాడంట. 'నాకు మనసు రాలేదురా, చేతులతోనన్నా చేస్తా' అని బయలుదేరింది మాయమ్మ."

చెన్నప్ప తల వంచుకున్నాడు.

ఎమ్మిగనూరులో తన పక్కవీధి మగ్గాల షెడ్డు కాలిపోయినప్పుడు, ఇతను నిప్పు పెట్టడం చూడకుండానే చూశానని తాను కోర్టులో చెప్పిన సాక్ష్యానికి మూడేళ్లు జైల్లో ఉండి వచ్చిన ఈ మనిషికి, ఆమె కన్నతల్లి.