బిల్లులో మాత్రం పెట్టలే

వీరవేణి కోడిపిల్లని కొంగులో చుట్టుకుని కొబ్బరితోటలోకి వచ్చేసరికి శివరామకృష్ణ గారు మడత కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆమెని చూడగానే గబుక్కున లేచి నిలబడ్డారు.

"ఇది పెట్టా, పుంజా, డాక్టర్ గారూ?"

ఆయన పిల్ల వంక చూశారు. చేతిలోకి తీసుకోలేదు.

"నేను చెప్పనమ్మా."

పెనుగొండ దగ్గర ఆ ఊళ్లో కోడిపిల్లని చూసి ఆడో మగో తేల్చడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఆరేళ్ల కిందట పట్నం వదిలేసి వచ్చి, తాతల నాటి తోటలో నాటుకోళ్లు పెంచుకుంటున్నారు. పశువుల డాక్టరు కాబోలని ఊరు అనుకుంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఎవరు పిల్లల్ని తెచ్చినా తలమీద తురాయి ఎర్రబడిందా, వీపున ఈకలు సర్దుకున్నాయా అని ఒక్క చూపు చూసి, పుంజుల్ని ఒక గంపలో, పెట్టల్ని ఇంకో గంపలో వేసేవారు. నోటితో మాత్రం ఒక్క ముక్క చెప్పేవారు కాదు. అది పెద్దమనిషి తరహా అనుకున్నారు జనం.

వీరవేణి మహిళా సంఘం లీడరు. గుడ్లమ్ముకుని నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చని సంఘం చేత రెండొందల పిల్లల్ని కొనిపించింది. అన్నీ పెట్టలేనని డీలరు గణేష్‌బాబు బల్లగుద్ది చెప్పాడు. ఏడో వారం వచ్చేసరికి ఏ ఇంట్లో చూసినా ఎర్రటి తురాయిలే.

"గణేష్‌బాబు దగ్గర నీకెంత ముట్టిందేంటి?" అని రత్నమాణిక్యం కుళాయి దగ్గర అందరి ముందూ అడిగేసింది.

వీరవేణి బిల్లు పట్టుకుని పశుసంవర్ధక ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"పెట్టలని స్పష్టంగా రాసుందమ్మా. ఇంకేంటి ఇబ్బంది?"

"బిల్లులో పెట్టలేనండి. గంపలో పుంజులండి."

"గంప మా రికార్డులోకి రాదమ్మా."

అందుకే ఇప్పుడు తోటకి వచ్చింది.

"రేపు పంచాయతీ ఆఫీసులో మీటింగండి. మీరొచ్చి పదిమందిలో చెప్పాలి. నా పరువు పోతోందండి."

"ఇంకెవరినైనా అడగమ్మా."

"మీరు చెబితే తప్పు పోదండి. ఆ సంగతి నాకు తెలుసు."

శివరామకృష్ణ గారు తల దించుకున్నారు. "వస్తాను. కాగితం మీద మాత్రం ఏమీ రాయను," అన్నారు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు కిటకిటలాడింది. గణేష్‌బాబు ఇస్త్రీ చొక్కాలో, చేత మైకుతో వెలిగిపోతున్నాడు.

"ఇది కొత్త రకమండి. మా పెట్టలకి తురాయి కాస్త ముందే వస్తుందండి. ధైర్యం కూడా ఎక్కువండి."

అంతలో సంఘం వాళ్లు నమూనాకి తెచ్చిన గంపలోంచి ఒక పిల్ల మెడ సాచి బొంగురుగా కూత పెట్టింది.

"జలుబు చేసినట్టుంది," అన్నాడు గణేష్‌బాబు.

ఆఫీసరు 'జలుబు' అని రాసుకున్నాడు.

శివరామకృష్ణ గారు గంప ముందు కూర్చున్నారు. ఇరవై పిల్లల్ని ఒక్కొక్కటిగా పైకెత్తి చూశారు. పద్దెనిమిది ఎడమ గంపలోకి వెళ్లాయి. రెండు కుడి గంపలోకి.

"గంపలు మాట్లాడవండి! నోరు విప్పి చెప్పమనండి," అన్నాడు గణేష్‌బాబు.

ఆయన వీరవేణి వైపు చూశారు. చెప్పమన్నట్టు ఆమె తలూపింది. ఆయన నుదురు తుడుచుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి చెప్పారు.

"పద్దెనిమిది మగపిల్లలు. రెండు ఆడపిల్లలు."

"కోడిపిల్లలండీ!" అని ఎవరో సరిదిద్దారు. ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు.

గణేష్‌బాబు ముఖం కందగడ్డయింది. "అసలు ఈయనెవరండి చెప్పడానికి? డాక్టరైతే సర్టిఫికెట్ చూపించమనండి!"

"అవునండి. అదొకటి ఇచ్చేస్తే ఫైల్లో పెట్టేస్తాను," అన్నాడు ఆఫీసరు.

శివరామకృష్ణ గారి ముఖం పాలిపోయింది. లేచి గుమ్మం వైపు నడిచారు.

రత్నమాణిక్యం వీరవేణి భుజం పట్టి కుదిపింది. "సర్టిఫికెట్ లేని డాక్టర్ని పట్టుకొచ్చావా? ఈయన మాట నిజమని ఎలా నమ్మమంటావ్?"

"ఎందుకంటే, స్కానింగ్ గదిలో తలుపేసి నా కడుపులో ఉన్నది ఆడపిల్లని ఈయన చెప్పింది అక్షరాలా నిజమైంది," అంది వీరవేణి, "ఆ పుట్టిన పిల్లని చంకనేసుకెళ్లి కలెక్టరు గారికి చూపించి ఈయన సర్టిఫికెట్ రద్దు చేయించింది నేనే."