ప్రీయాంప్ పెట్టిన అల్లుడు

"అసలు నాకీ డబ్బా ఎందుకయ్యా?" అడిగాడు మామగారు.

అల్లుడు స్టీరియో వెనక మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు కలుపుతున్నాడు. "ఇది ప్రీయాంప్ మామయ్యా. రికార్డు నుంచి వచ్చే శబ్దం మరీ సన్నగా ఉంటుంది. ముందు ఇది దాన్ని చక్కదిద్ది, తర్వాత ఆంప్లిఫయర్‌కి అందిస్తుంది."

"ఇన్నేళ్ళూ ఎవరు దిద్దారు?"

"ఆంప్లిఫయర్ లోపలే చిన్నదొకటి ఉంటుంది. కానీ విడిగా ఉంటే ఆ తీరే వేరు. గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది."

"కావాలని నేనడిగానా?"

"అడగలేదు. మా షాపులో ఊరికే పడుంది, తెచ్చాను."

'ఊరికే' అన్న మాట వినగానే మామగారి చెవులు నిక్కాయి. ఉద్యోగమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. సరిగ్గా ఉన్న వాక్యాన్ని కూడా రెండోసారి చదవందే వదిలేవాడు కాదు. స్టీరియోలు అమ్ముకునేవాడు ఊరికే ఇచ్చాడంటే ఎక్కడో అచ్చుతప్పు ఉన్నట్టే.

డబ్బా ముందు చిన్న ఎర్రదీపం వెలిగింది. పాట మొదలైంది. మామగారికి ఏ తేడా తెలియలేదు.

"కొంచెం బొంగురుగా ఉంది కదూ? వచ్చే ఆదివారం వచ్చి సరిచేస్తాను," అన్నాడు అల్లుడు.

ఆ ఆదివారం వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. డబ్బా వెనక ఒక స్క్రూని అటోసారి ఇటోసారి తిప్పి, "ఇంకా కుదరలేదు మామయ్యా," అనేవాడు. తర్వాత వంటింట్లో దూరి కూర వండేవాడు. తిన్నాక అంట్లు కడిగేవాడు. మామగారి వారం మందులు సర్దిపెట్టేవాడు. సోఫాలో నడుం వాల్చి రికార్డులు వింటూ సాయంత్రం దాకా కదిలేవాడు కాదు.

కూతురికి వేరే ఊరు బదిలీ అయ్యాక అల్లుడి రాక బాగా తగ్గిపోయింది. మళ్ళీ ఇప్పుడీ ప్రేమ ఎక్కణ్ణించి ఊడిపడినట్టు?

ఒకరోజు అంట్లు తోముతూ తోముతూ, "మామయ్యా, ఇంటి తాళంచెవి ఇంకొకటి ఉందా?" అన్నాడు.

"ఎందుకూ?"

"నా దగ్గరుంటే మంచిది కదా. ఎప్పుడైనా మీకు ఒంట్లో బాగోక తలుపు తీయలేకపోతే..."

"నా ఒంటికేం, నిక్షేపంలా ఉంది," అని మామగారు ఉన్న తాళంచెవి కూడా తీసి దిండు కింద పెట్టుకున్నాడు.

మొన్నామధ్య కూతురు వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళింది. సరిగ్గా ఆమె ఉన్న ఆదివారమే అల్లుడికి షాపులో తెమలని పని తగిలింది. పెళ్ళాం ముందు వేయలేని ఎత్తేదో వేస్తున్నాడని మామగారికి రూఢి అయిపోయింది.

కూతురు ఫోన్ చేసినప్పుడు కదిపి చూశాడు. "మీ ఆయన మనసులో ఏముందే?"

"ఏముంటుంది నాన్నా? మందులు వేసుకున్నావా?" అందామె.

గుండె ఆపరేషన్ అయినప్పటినుంచీ అందరూ మామగారిని గాజుగిన్నెలా చూస్తున్నారు. ఆదివారాల సంగతి మాత్రం ఆయన బయటపెట్టలేదు. రుజువు లేకుండా కూతురి కాపురంలో చిచ్చు పెట్టడం ఇష్టంలేకపోయింది.

ఆ రుజువు కోసమే పై అంతస్తులో ఉండే రేడియో ఇంజనీరుని పిలిచాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని డబ్బా మూత విప్పాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"మాస్టారూ, ఇది ప్రీయాంప్ కాదు."

"బాంబా?"

"బాంబైనా నయం, లోపల ఏదో ఒకటుండేది. ఇందులో దీపం తప్ప ఏమీ లేదు. ఇటు వచ్చిన వైరు అటు పోతోంది. ఈ స్క్రూ దేనికీ తగలటం లేదు. అయినా మీ సెట్‌కి విడిగా ప్రీయాంప్ ఎందుకండీ? లోపల ఉన్నది బంగారంలా పనిచేస్తోంది."

"అంటే?"

"అల్లుడుగారు మీ చెవిలో పువ్వు పెట్టారు."

ఆదివారం అల్లుడు కూరల సంచీతో వచ్చేసరికి మూతలేని డబ్బా బల్ల మీద ఉంది.

"ఏమయ్యా, ఇవాళ ఏ స్క్రూ తిప్పుతావు?"

అల్లుడు సంచీ కింద పెట్టాడు. "మీ సెట్ బాగానే ఉంది మామయ్యా. మీకు ప్రీయాంప్ అక్కర్లేదు."

"అది నాకూ తెలిసింది. ఎందుకు మోసం చేశావో చెప్పు."

"ఇక్కడికి రావాలంటే నాకేదో ఒక పని ఉండాలి కదా..."

"అల్లుడు మామగారింటికి రావడానికి పనెందుకయ్యా?"

అతను నోరు తెరిచాడు. మామగారి చొక్కా గుండీల మధ్య కనిపిస్తున్న కుట్ల మచ్చ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"జవాబు లేదు కదూ? ఎలా ఉంటుంది? నీకు కావలసింది ఈ ఇల్లు. దానికి పాట ఒక సాకు, నేనొక అడ్డు. ఇంక నా గడప తొక్కకు."

అల్లుడు వంటింట్లోకి వెళ్ళి మందులు సర్దాడు. "ఈ వారానివి పెట్టాను మామయ్యా. పొద్దుటి మాత్ర మర్చిపోకండి," అని వెళ్ళిపోయాడు.

ఆ నిదానం మామగారికి ఒళ్ళు మండించింది. వెంటనే కూతురికి ఫోన్ కలిపాడు.

"నీ మొగుడి బాగోతం విన్నావా? ఉత్త డబ్బా ఒకటి తెచ్చి తగిలించి, దాన్ని బాగుచేసే వంకతో ప్రతి ఆదివారం నా ఇంట్లో తిష్ఠ వేస్తున్నాడు!"



"ప్రతి ఆదివారమా?" అంది కూతురు.

"ప్రతి ఆదివారం! వండుతాడు, అంట్లు తోముతాడు, ఇంటి తాళంచెవి అడుగుతాడు. నా చేత గెంటించుకుని కూడా మందులు సర్ది వెళ్ళాడు. ఎంత నటన! భార్యవి నువ్వే నిలదీసి అడుగు."

"నాన్నా, కూర్చున్నావా?"

"కూర్చునే ఉన్నాను, చెప్పు."

"మాకు విడాకులై ఏడాది దాటింది."