దుబాసీ

“అక్కా, మళ్ళీ రాశాడు!”

తమ్ముడు కేకపెట్టేసరికి, కాలు కాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్న అక్క ఆగింది.

“ఎవడు? ఉడతేనా?”

“ఇంకెవడు? పేరు ఉడత, పట్టేమో ఉడుముది. ఈ వారంలో ఇది తొమ్మిదో మెయిల్.”

దర్జీ కొట్టు పైన రెండు గదులు వాళ్ళవి. అక్క కోడు రాస్తుంది, తమ్ముడు బొమ్మలు గీస్తాడు. నాలుగేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని ఇద్దరూ ఒక పడవ ఆట తయారుచేశారు. మామూలు కంప్యూటర్లలో అది చక్కగానే నడుస్తోంది గానీ, ఆడేవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మిగిలిన ఆశ ఒక్కటే. చేతిలో పట్టుకుని ఆడుకునే కొత్త మెషీన్ ఒకటి రాబోతోంది. శుక్రవారం సాయంత్రం ఐదుకల్లా ఆ కంపెనీవాళ్ళ పరీక్షలో ఆట నెగ్గితే, మెషీన్ కొన్న ప్రతివాళ్ళకూ మొదటి పేజీలోనే పడవ కనబడుతుంది. ఓడితే అక్క సోమవారం పాత ఆఫీసులో చేరిపోవాలి. తమ్ముడు సైన్‌బోర్డులు రాసుకోవాలి.

చిక్కేమిటంటే, ఆ మెషీన్‌లో ఉన్నది వేరే ఆపరేటింగ్ సిస్టమ్. దానికి వీళ్ళ ఆట భాష తెలియదు. మధ్యన ఒక ప్రోగ్రాము దుబాసీలా కూర్చుని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చెబుతుంది. ఆ దుబాసీ అంతా బాగానే చెప్పి, పడవ రెండో రేవు చేరి వీడియో మొదలయ్యేసరికి నోరు మూసుకుంటోంది. తెర నల్లబడిపోతోంది.

“ఏమంటాడు?” అంది అక్క గోరు కొరుకుతూ.

తమ్ముడు చదివాడు.

“‘రెండో రేవు దగ్గర తెర నల్లబడుతోంది. తప్పు మీది కాదు. ఆ వీడియోకి మీరు వేసిన తాళం తీసి, ఆ ఒక్క ఫైలూ నాకు పంపండి. నేను చూసుకుంటాను. మీ పడవ చాలా బాగుంది.’”

“చూసుకుంటాడా? వీడెవడు చూసుకోవడానికి?”

“అందరూ వాడే సిస్టమ్ కాకుండా వేరేది వాడతాడట. నూటికొకడుంటాడు ఇలాంటివాడు.”

“ఆ ఒక్కడూ మనకే తగలాలా? తాళం తీసి ఇస్తే తెల్లారేసరికి నెట్‌లో ఊరందరికీ పంచిపెడతాడు. మన మొదటి ఆటకి అదే జరిగింది, మర్చిపోయావా?”

“మరేం రాయమంటావ్?”

“నువ్వు లే. నేను రాస్తా.”

అక్క కూర్చుంది. వారం రోజుల చిరాకంతా రెండు వాక్యాల్లో కక్కేసింది.

‘దొంగకి తాళంచెవి ఇవ్వడానికి మేం వెర్రివాళ్ళం కాదు. ఇలాంటి బుద్ధులు మాని ఏదైనా పనిచేసుకుని బతుకు.’

పంపింది. వెంటనే అతన్ని బ్లాక్ చేసింది.

“కొంచెం ఎక్కువైందేమో అక్కా.”

“నీ జాలి తర్వాత. రోజులు లేవురా, పని చూడు.”

గురువారం రాత్రిలోగా అక్క ఆ వీడియోని మూడు రకాలుగా మార్చింది. మూడుసార్లూ పరీక్ష పెట్టేవాళ్ళకు పంపింది. కంపెనీ తనకిచ్చిన నమూనా మెషీన్‌లో మూడుసార్లూ నలుపే; వాళ్ళ దగ్గరైనా నడవకపోతుందా అని చిన్న ఆశ. అన్నం సహించలేదు. శుక్రవారం పొద్దుటి నుంచీ ఫోన్ చేతిలోంచి దించలేదు. నాలుగింటికి దర్జీ మెట్లెక్కి వచ్చాడు.

“అమ్మా, నువ్వలా నడుస్తుంటే కింద నా మిషను సూది విరిగేలా ఉంది. కాసేపు కూర్చో తల్లీ!”

కూర్చుంది. నిమిషంలో మళ్ళీ లేచింది.

నాలుగూ నలభైకి ఫోన్ మోగింది. పరీక్ష పెట్టే ఆవిడ.

“నెగ్గిందండీ మీ ఆట! రెండో రేవు దాటి చివరిదాకా నడిచింది.”

అక్క తమ్ముడికి బొటనవేలు పైకెత్తి చూపింది. తమ్ముడు కుర్చీ ఎక్కి గంతులేశాడు.

“అయితే నేను నిన్న పంపిన మార్పు పనిచేసిందన్నమాట!”

“లేదండీ, మీ మార్పులేవీ పనికిరాలేదు. మీరు మొదట ఇచ్చిన కాపీయే నడిచింది. మధ్యన దుబాసీ ప్రోగ్రాము ఉంది చూశారూ, దానికి ఇవాళ పొద్దున కొత్త సవరణ వచ్చింది. అచ్చంగా మీ ఆట కోసమే రాసినది.”

“మీవాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలండీ.”

“మావాళ్ళు కాదండీ, బయట ఒకాయన. పన్నెండేళ్ళుగా జీతం భత్యం లేకుండా ఇంట్లో కూర్చుని రాస్తున్నారు. మా మెషీన్‌లో నడిచే ఆటల్లో సగం ఆయన పుణ్యమే. మీ రెండో రేవు దాకా నలభైసార్లు ఆడి మరీ కనిపెట్టారట.”

అక్క కళ్ళు చెమర్చాయి.

“ఆయన నంబరివ్వండి, ఇప్పుడే మాట్లాడతాను. మా తర్వాతి ఆట ముందు ఆయనకే చూపిస్తాం.”

“ఆలస్యమైందండీ. ఇదే చివరిదని రాసి మానేశారు. ఎప్పటి నుంచో విసిగి ఉన్నారు. ఈ వారం ఎవరో అనరాని మాట అన్నారట.”

“అంత మనిషిని మాట అనడానికి నోరెలా వచ్చిందండీ వాళ్ళకి?” అక్కకు నిజంగానే కోపం వచ్చింది. “పోనీ, పేరైనా చెప్పండి. ఆటలో మా పేర్లకన్నా పైన వేస్తాం.”

అవతల ఆవిడ చిన్నగా నవ్వింది.

“అసలు పేరు మాకూ తెలీదండీ, ఇన్నేళ్ళూ సవరణల కింద ‘ఉడత’ అనే సంతకం పెట్టారు.”