వీరగల్లు ముందు ముద్ద

“తుంచొద్దు మా. దాన్ని తుంచొద్దు.”

ముద్దను రెండుగా విరవబోతున్న పంకజాక్షి ఆగిపోయింది. చెనక్కాయ చేలోంచి పరుగెత్తుకొచ్చిన మునస్వామి ఆమెకు ఐదడుగుల దూరంలో నిలబడ్డాడు. అరవై ఏళ్ల మాజీ సైనికుడు. రొప్పుతున్నాడు గానీ చూపు మాత్రం ఆమె వేళ్ల మీదనుంచి కదల్లేదు.

“ప్రసాదం కదన్నా. రాయి ముందర పెట్టింటే తీసుకుంటి. తలా రవ్వంత పంచుదామని.”

“ప్రసాదం కాదు. నాటుబాంబు. చేలో పడే అడవిపందుల కోసరం పిండిలో చుట్టి పెట్టేది. నొక్కితే పేలిపోతాది.”

ఎనిమిది మంది చూపులూ ఆ ముద్ద మీదికే మళ్లాయి.

వాళ్లంతా తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు. నెలకో ఆదివారం గుట్టలెంబడి నడిచి, పాత రాళ్లు, శాసనాలు చూసిపోతుంటారు. ఈసారి పూతలపట్టు దగ్గరి ఒక గుట్ట కింద, పోరాడి పోయిన వీరుడి గుర్తుగా నిలిపిన వీరగల్లు చూసి, దాని ముందే ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి యుద్ధాలకు పోయి తిరిగిరాని జవాన్ల పేర్లు చదివి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడాలని అనుకున్నారు. తర్వాత మునస్వామికి సన్మానం. రాతి మీద ఈటె పట్టిన వీరుడు పందిని పొడుస్తున్నాడు. దాని కింద ఆకులో పిండిముద్ద. పట్నం నుంచి వచ్చినవాళ్లకు పల్లెలో రాయి ముందు ఏం కనబడినా ప్రసాదమే.

“రోడ్డుమిందనే రండి, నేను ఎదురొస్తానని సెప్తి గదా సార్,” అన్నాడు మునస్వామి, చూపు తిప్పకుండానే.

“రాయి దూరం నుంచే కనపడింది. అడ్డంగా వచ్చేస్తిమి,” అన్నాడు ధనశేఖర్. ఈ నడకలు నడిపించే రిటైర్డ్ చరిత్ర మాస్టారు. చేతిలో పేర్ల కాగితం ఉంది.

చిత్తూరులో మందుల షాపు నడిపే జయచంద్ర మెల్లగా వెనక్కి జరగబోయాడు.

“యాడికప్పా? నిలబడినకాడే నిలబడు,” అన్నాడు మునస్వామి. జయచంద్ర ఎత్తిన కాలు ఎత్తినచోటే దించాడు.

పంకజాక్షి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమెది తిరుపతిలో చిన్న టైలరింగ్ షాపు. ముద్ద ఉన్నది కుడిచేతిలో. ఇద్దరు ఆడపిల్లలు, మంచాన పడిన మొగుడు, అందరూ ఆ ఐదు వేళ్ల మీదే బతుకుతున్నారు.

“అన్నా, నా చెయ్యి పోతాదా?”

“పోదు. నేనుండాను. గట్టిగా పట్టుకోవద్దు, వదలొద్దు. గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకో.”

“చెమట పడతా ఉండాది. జారిపోతాదేమో.”

“జారదు. నా మొగం సూసి మాట్లాడు. పిలకాయలెంతమంది?”

“ఇద్దరు. పెద్దది ఇంటర్.” మాట తడబడింది. “నువ్వు ఇట్లాంటివి చూసినావా అన్నా?”

“కార్గిల్లో మూడు నెలలు ఇదే పని. దావలో పూడ్చిపెట్టినేవి ఏరేది.” ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికొచ్చాడు. “నా జతగాడొకడు ఏరతా ఏరతా పోయినాడు. వాని పేరు కూడా సార్ కాగితంలో ఉండాది.”

“మనుషులు నడిచే దావలో ఎట్ట పెడతారన్నా అట్లాంటివి?”

మునస్వామి రెండు చేతులూ దోసిలి చేసి ఆమె చేతి కింద పెట్టాడు. ఆ చేతులు కొంచెం కూడా వణకలేదు.

“ఇప్పుడు వేళ్లు తెరువు. ఒక్కొక్కటే. చెయ్యి రొంత వంచు. అంతే.”

ముద్ద ఆమె అరచేతిలోంచి దొర్లి అతని దోసిట్లో పడింది. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. గుట్ట మీద నెమలి అరిస్తే అందరూ ఉలిక్కిపడ్డారు.

బోరు దగ్గర నీళ్లతొట్టి ముప్పై అడుగుల దూరంలో ఉంది. మునస్వామి గట్టు వదిలి చేలోకి దిగి, నేల చూసుకుంటూ, ఒకచోట పక్కకు తప్పుకుని నడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని ముద్దను నీళ్లలోకి వదిలాడు. ఏమీ కాలేదు. అప్పుడు గానీ పంకజాక్షి ఏడవలేదు. ఏడుస్తూనే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పసిబిడ్డను నిమిరినట్టు నిమురుకుంది.

మునస్వామి వచ్చిన దారినే తిరిగొచ్చాడు. ఆమె చేతులెత్తి మొక్కింది.

“మా ఇంట్లో దీపం నిలబెట్టినావు అన్నా. నిన్ను సచ్చేదాకా మరిచిపోను.”

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. ఇంతసేపూ చెదరని ముఖం ఇప్పుడు పాలిపోయింది. అలసట అనుకున్నారు అందరూ.

“దీన్ని పెట్టినోడు మనిషేనా?” జయచంద్రకు భయం పోయి కోపం వచ్చింది. “నాలుగు చెనక్కాయల కోసరం మనుషుల ప్రాణాలు తీస్తాడా? వాణ్ని వదిలేదిల్లా. ఇప్పుడే పోలీసులకు పట్టిస్తా.” జేబులోంచి ఫోన్ తీశాడు.

“పట్టించాల్సిందే,” అన్నాడు ధనశేఖర్. “ముందు ఈ పని కానీ. వీరగల్లు ముందు వీరునికి సన్మానం. ఇంతకంటే మంచి గడియ దొరకదు.” సంచిలోంచి శాలువా తీసి విప్పి, మునస్వామి వైపు అడుగు వేయబోయాడు.

మునస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు.

“పట్టియ్యండి సార్, యాడికీ పోను. ఈలోపల ఎవురూ కాలు కదపొద్దండి, నేను పెట్టినేవి ఇంకా మూడుండాయి.”