ముప్పై వాట్లు

“ఈ పెద్దది మీకొద్దు సార్” అన్నాడు సేల్స్‌మన్ మునిప్రసాద్.

ఢిల్లీబాబు కళ్లు చిన్నవయ్యాయి. ఐదు నిమిషాల కిందట ఆ నోటితోనే ఆ పెద్ద ఆంప్లిఫయర్‌ని ఆకాశానికెత్తాడు. నూట ఇరవై వాట్లు, వీధి చివరిదాకా వినిపిస్తుంది అన్నాడు. ఈలోపు జరిగింది ఒక్కటే. బిల్లు రాస్తూ అడ్రసు అడిగాడు.

“కొర్లగుంట. నిర్మలమ్మ గారి మేడ మీద పోర్షను. చిత్తూరు నుంచి బదిలీ మీద వచ్చి మూడు దినాలైంది” అని చెప్పాడు ఢిల్లీబాబు.

మునిప్రసాద్ పెన్ను ఆగింది. తలెత్తి ఒకసారి చూశాడు. రాస్తున్న కాగితాన్ని చింపి పక్కన పడేశాడు.

అంతే, మాట మారింది.

మాట మార్చేవాడి దగ్గర టిక్కెట్టు ఉండదు. ఆర్టీసీలో ఇరవై రెండేళ్లుగా చెకింగ్ ఇన్‌స్పెక్టరు పని చేస్తూ ఢిల్లీబాబు నేర్చుకున్న పాఠం అది. బస్సెక్కి నాలుగు ముఖాలు చూస్తే చాలు, టిక్కెట్టు లేనివాడెవడో చెప్పేస్తాడని డిపోలో పేరు.

అంతటివాడూ ఒకసారి మోసపోయాడు. నాలుగేళ్ల కిందట చెన్నైలో, వెయ్యి వాట్లు అని స్టిక్కరున్న ఆంప్లిఫయర్ కొన్నాడు. పదకొండో రోజున దాన్లోంచి పొగ వచ్చింది. అప్పటినుంచీ ఆయన ముచ్చటపడి చేయించుకున్న టేకు స్పీకర్ల జత మూగగా పడి ఉంది. “బస్సులో దొంగల్ని పడతారు. అంగట్లో మిమ్మల్నే పట్టినారు” అని భార్య మోహన ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. వచ్చే వారం ఆమె చిత్తూరు నుంచి దిగేలోపు ఆ స్పీకర్లు పలకాలని ఆయన పంతం. ఇరవై వేలు దాటకూడదని నియమం.

“ఏమప్పా, అద్దింట్లో ఉండేవాడు పెద్దది కొనకూడదా?” గొంతు పెంచాడు ఢిల్లీబాబు.

“అయ్యో, అది కాదు సార్. మీ రూము ఎంత? పది బై పన్నెండు. దానికి నూట ఇరవై వాట్లు ఏం చేసుకుంటారు? ముప్పై వాట్లది ఈడుండాది, సూడండి. మీయి పాతకాలం స్పీకర్లు. దీనికే బ్రమ్మాండంగా పలుకుతాయి.”

గది కొలత తాను చెప్పలేదే! అద్దె గదులన్నీ ఇంతేనని తీసిపారేశాడు కాబోలు. ఢిల్లీబాబుకు ఒళ్లు మండింది.

“వాట్లు తక్కువైతే స్పీకర్లు కాలిపోతాయంటారే?”

“సౌండు నిండా పెంచితే కాలిపోతాయి సార్.” మునిప్రసాద్ కాస్త ముందుకు వంగాడు. “మీరు నిండా పెంచరు కదా?”

ఆ అడగడంలో ఏదో ఆత్రం ఉంది.

పెద్దది పందొమ్మిది వేలు. చిన్నది తొమ్మిది. సగం ధర వస్తువును బతిమాలి అమ్మే సేల్స్‌మన్‌ని ఢిల్లీబాబు ఎక్కడా చూడలేదు. పాత సరుకు అంటగడుతున్నాడా? రిపేరు చేసిన పీసా?

పెట్టె విప్పించాడు. సీలు చూశాడు. ఆంప్లిఫయర్ వెనక నంబరు, వారంటీ కార్డు మీది నంబరు అంకె అంకె పోల్చాడు. ఇది వద్దు, లోపల్నించి ఇంకోటి తెమ్మన్నాడు. అదీ కొత్తదే. ముప్పావుగంట నాదస్వరం పెట్టించి విన్నాడు. పైన చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది, అంతే.

బయటికొచ్చి, చిత్తూరులో టీవీలు, రేడియోలు బాగుచేసే శ్రీనివాసులుకు ఫోన్ చేశాడు.

“మంచి పీసే అన్నా. నీ స్పీకర్లకు అది సాలు. వాడు నిజమే చెప్పినాడు.”

“నిజం ఎందుకు చెప్పినాడబ్బా? నా అనుమానం అదే!”

ఆఖరి అస్త్రంగా, ఎనిమిదిన్నర వేలకిస్తే తీసుకుంటానన్నాడు. గల్లా దగ్గరున్న యజమాని తల అడ్డంగా ఊపాడు. మునిప్రసాద్ చప్పుడు చేయకుండా తన జేబులోంచి ఐదు వందల నోటు తీసి గల్లాలో పెట్టాడు. ఇన్‌స్పెక్టరు కళ్లు దాన్ని వదల్లేదు.

“ఏమప్పా, నీ దుడ్డు ఎందుకు పెడతా ఉండావు?”

మునిప్రసాద్ మెడ తుడుచుకున్నాడు. “ఊరికి కొత్తగా వచ్చినారు. ఉండనీండి సార్.”

పైగా ఎనిమిది రబ్బరు బిళ్లలు పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు. “స్పీకర్ల కింద పెట్టండి సార్, మరిచిపోవద్దు. నేలకు ఆనితే అదురుతాది.”

ఎక్కడో మోసం ఉంది. అదెక్కడో దొరకడం లేదు. బిల్లు మీద ముద్ర వేయించుకుని, దాన్ని రెండుసార్లు చదివి ఆటో ఎక్కాడు ఢిల్లీబాబు.

మధ్యాహ్నానికల్లా వైర్లు కలిపాడు. రబ్బరు బిళ్లలు పెట్టాడు. స్విచ్ వేశాడు.

నాలుగేళ్ల తర్వాత ఆ టేకు పెట్టెలు గొంతు విప్పాయి. నాదస్వరం గది నిండా సాగింది. ఎక్కడా గరగర లేదు, బొంగురు లేదు. మోహనకు ఫోన్ చేసి స్పీకర్ ముందు పట్టుకున్నాడు.

“బాగుండాది” అంది మోహన. “ఈసారి మంచోడి అంగడికి పోయినట్టుండారు.”

ఫోన్ పెట్టేశాక ఢిల్లీబాబుకు సిగ్గేసింది. బస్సులో నలభై మంది టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటే తన కళ్లు కొననివాడి కోసమే వెతుకుతాయి. ఇరవై రెండేళ్లుగా అంతే. ఆ మనిషి సొంత డబ్బు పెట్టి మరీ మేలు చేస్తే దొంగను చూసినట్టు చూశాడు. రేపు వెళ్లి ఆ ఐదు వందలూ తిరిగిచ్చి, చెయ్యి పట్టుకుని రెండు మంచి మాటలు చెప్పి రావాలి. పాట ఆపి, గాలి కోసం వరండాలోకి వచ్చాడు.

కింద గేటు చప్పుడైతే పిట్టగోడ మీంచి తొంగిచూశాడు: నెలల బిడ్డతో పుట్టింటి నుంచి అప్పుడే ఆటో దిగిన భార్యకు మూడు రోజులుగా ఎప్పుడు చూసినా వేసే ఉన్న కింది పోర్షను తాళం తీస్తూ మునిప్రసాద్ అంటున్నాడు, “పైకొచ్చినాయన నూట ఇరవై వాట్లది కొనబోతే ముప్పైకి దించినాలే, ఇంక పాప నిద్రకు బయం లేదు.”